సుత్తికి లోటు లేని చదువు

మొన్న మా వాడి బడిలో పేరెంట్స్ మీటింగ్. బడి పేరులోనే 'టెక్నో' అని ఉంది. ప్రిన్సిపాల్ గారు డిజైన్ థింకింగ్ (అంటే సమస్యని గమనించి, చేసి చూసి పరిష్కారం కనుక్కునే పద్ధతి) గురించి, చేత్తో చేస్తూ నేర్చుకోవడం గురించి నలభై ఐదు నిమిషాలు మాట్లాడారు. ఆయన వెనక గోడ మీది సరస్వతి పటం మేకు వదులై ఒక పక్కకి ఒరిగిపోయింది. ఎవరో చూసి సుత్తి అడిగారు. నాలుగంతస్తులు వెతికినా సుత్తి దొరకలేదు. చివరికి వాచ్‌మన్ బయటికెళ్లి ఒక రాయి తెచ్చి నాలుగు దెబ్బలు వేశాడు. ప్రసంగంలో ఉన్న సుత్తి సరిపోలేదా అని నా పక్కనున్నాయన గొణిగాడు. నాకు నచ్చలేదు. బాధ్యత గల తండ్రులు అలా మాట్లాడకూడదు.

హైస్కూలు పిల్లల చేతికి రంపం, స్క్రూడ్రైవర్, సోల్డరింగ్ ఐరన్ ఇవ్వాలని వాదించేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. మనం ఈ విషయంలో వెనకబడ్డామని వాళ్ల బాధ. చరిత్ర తెలియకపోతే ఇలాగే ఉంటుంది. 1937లోనే వార్ధాలో గాంధీగారు చదువునంతా ఒక చేతిపని చుట్టూ అల్లమన్నారు. తకిలీలు వచ్చాయి, నూలు వచ్చింది, క్రాఫ్టు మాస్టార్లు వచ్చారు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ 'పని అనుభవం' కావాలంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దానికి ఎస్‌యూపీడబ్ల్యూ అని పేరు పెట్టింది. సమాజానికి పనికొచ్చే ఉత్పాదక కృషి అని అర్థం. పిల్లలేమో దాన్ని 'సమ్ యూజ్‌ఫుల్ పీరియడ్స్ వేస్టెడ్' అని విడమరిచారు. ఆ పీరియడ్లలో వాళ్లు సొంతంగా తయారు చేసిన వస్తువు బహుశా అదొక్కటే. 2016లో పిల్లలు పరికరాలతో సొంతంగా ఏదైనా చేసి చూడ్డానికి కేంద్ర ప్రభుత్వం వారి టింకరింగ్ ల్యాబులు వచ్చాయి. 2020 విద్యా విధానం వచ్చి, ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పిల్లలు ఓ పది రోజులు సంచి లేకుండా వడ్రంగి దగ్గరో కుమ్మరి దగ్గరో పని నేర్చుకోవాలంది. ఒకే సరుకుకి ఎనభై ఏళ్లలో ఇన్ని కొత్త డబ్బాలు తయారు చేసిన దేశానికి డిజైన్ రాదంటే ఎలా?

సంచి లేని రోజుల్ని మా బడి తు.చ. తప్పకుండా పాటించింది. పుస్తకాలు చేత్తో పట్టుకు రమ్మన్నారు.

ల్యాబుల విషయానికొస్తే, మా బావగారి ఊళ్లో ఒకటి చూశాను. ఈ పథకం కింద ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇస్తారు. త్రీడీ ప్రింటర్, రోబో కిట్లు, సెన్సర్లు, అన్నీ ఉన్నాయి. ప్రింటర్‌కి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఎర్ర గుడ్డ కప్పారు. ఏటా ఆయుధ పూజకి తీసి మళ్లీ కప్పుతారట. ప్రారంభోత్సవం నాడు అది ముఖ్య అతిథి పేరుతో ఒక కీచైన్ చేసింది. ఆ కీచైన్‌కే ఇప్పుడు ల్యాబు తాళంచెవి వేలాడుతోంది. పెట్టిన డబ్బు వృథా అయిందని ఇక ఎవరనగలరు?

"పిల్లల్ని ముట్టుకోనివ్వరా?" అని అడిగాను హెడ్మాస్టర్ గారిని.

"సోల్డరింగ్ ఐరన్ మొన కాలిపోయిందనుకోండి సార్, ఆడిట్‌కి నేనేం చెప్పను? వాడామంటే ఎందుకు పాడైందంటారు. వాడలేదంటే ఎవరూ ఏమీ అనరు" అన్నారాయన.

వ్యంగ్యం కాసేపు పక్కన పెడితే, ఆయన తప్పేం లేదు. స్టాక్ రిజిస్టర్‌లో 'కొత్తది' అని రాయడానికి గడి ఉంది, 'పాడైంది' అని రాయడానికి గడి ఉంది. 'దీనితో ఒక పిల్లాడు ఏదో నేర్చుకున్నాడు' అని రాయడానికి గడి లేదు. ఆ బడిలో క్రాఫ్టు మాస్టారు రిటైరయ్యాక ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోలేదు. ల్యాబు చూసే ఫిజిక్స్ మాస్టారే లెక్కలూ చెప్పాలి, మధ్యాహ్న భోజనంలో గుడ్లూ లెక్కపెట్టాలి, ఎన్నికలొస్తే డ్యూటీకీ వెళ్లాలి.

పట్నం బళ్లలో ఈ చిక్కు లేదు, ఎందుకంటే ల్యాబు బజార్లో ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి క్లాస్ గ్రూపులో మెసేజ్ వస్తుంది: 'రేపు వర్కింగ్ మోడల్ తేవాలి.' మా ఆవిడకి టెన్షన్, నాకు బండి తాళం. ప్రాజెక్టులు అమ్మే షాపులో ఆ వేళకి నాలాంటి తండ్రులు ఇరవై మంది ఉంటారు. షాపాయన ఒకటే ప్రశ్న అడుగుతాడు: "ప్రైజ్ రావాలా సార్, పార్టిసిపేషన్ చాలా?" పార్టిసిపేషన్ అయితే థర్మాకోల్ అగ్నిపర్వతం. ప్రైజ్ అయితే చెయ్యి చూపిస్తే మూత తెరుచుకునే స్మార్ట్ చెత్తబుట్ట. కంఠస్థం చేయాల్సిన ఇంగ్లీషు కాగితం ఉచితం. మర్నాడు ఎగ్జిబిషన్‌లో ఒకే రకం చెత్తబుట్టలు ఆరు, వరసగా నిలబడి జడ్జిగారికి నమస్కారం పెట్టినట్టు మూతలెత్తాయి. మావాడిది ఎత్తలేదు. వాడు బ్యాటరీ ఊడదీసి చూడబోతుంటే టీచరమ్మ చేతి మీద ఒక్కటి వేసింది, పాడు చేస్తావా అని.

మంచిదే. చెయ్యి అలవాటు పడితే ఏమవుతుందో నేత కుటుంబం నుంచి వచ్చిన చింతకింది మల్లేశం గారిని చూస్తే తెలుస్తుంది. వాళ్లమ్మగారు ఒక్క చీరకి ఆసు పోయాలంటే, అంటే నేతకి ముందు నూలుని మేకుల చుట్టూ తిప్పాలంటే, చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. భుజం పడిపోయేది. ఆ నొప్పి చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి, 1999 నాటికి ఆసు యంత్రం పూర్తి చేశారు. అమ్మ పేరే పెట్టారు దానికి. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బడి మానేసింది ఆరో తరగతిలో. ఇవాళ టింకరింగ్ ల్యాబులు మొదలయ్యేది కూడా సరిగ్గా ఆరు నుంచే! ఇంకో నాలుగేళ్లు మా వాడి బడిలాంటి దాన్లో కూర్చుని ఉంటే 'ఆసు పోయుటలోని కష్టనష్టములు' అని ఎనిమిది మార్కుల వ్యాసం రాసి, అమ్మకు చదివి వినిపించేవారు.

ఇన్ని విమర్శలు విన్నాక మా టెక్నో బడి కూడా కదిలింది. ఈ ఏడు డిజైన్ థింకింగ్‌ని సబ్జెక్టు చేసేసింది. దానికో గైడు, శనివారం శనివారం బిట్ పేపరు. 'స్క్రూను ఏ దిశగా తిప్పిన బిగుసుకొనును? ఎ) సవ్య బి) అపసవ్య సి) రెండును డి) పైవేవియు కావు.' మావాడు గైడంతా బట్టీ పట్టాడు. ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్ స్క్రూ వదులైంది, ఎటు తిప్పాలిరా అంటే "ఎ" అన్నాడు.

పోయిన శనివారం పరీక్ష రాసి వట్టి చేతుల్తో వచ్చాడు.

"క్వశ్చన్ పేపర్ ఏదిరా?"

"బల్ల ఊగుతోంది నాన్నా, రాయడం కుదరలేదు. మడిచి కాలి కింద పెట్టా."

"మడిచి పెడితే?"

"నాలుగు మడతలకి ఇంకా ఊగింది. ఎనిమిది పెట్టా, ఆగింది."

బిట్లు ఎన్ని రాశాడని అడిగితే పదకొండు అన్నాడు. ప్రశ్నపత్రాన్ని దుర్వినియోగం చేసినందుకు సోమవారం డైరీలో నోట్ వచ్చింది, వంద రూపాయలు ఫైన్. వెళ్లి కట్టాను. వస్తూ ఆ క్లాసులోకి తొంగి చూశాను. కాగితం అక్కడే ఉంది.