తర్వాత చెబుదాంలే అంటే కుదరని జబ్బు

కేన్సర్ అని తెలియగానే మన ఇళ్ళల్లో జరిగే మొదటి పని డాక్టర్ని పక్కకి తీసుకెళ్ళి "ఆయనకి మాత్రం చెప్పకండి సార్" అనడం. ప్రేమతోనే అంటారు, కాదనను. వేరే కేన్సర్లలో ఈ దాచిపెట్టుడు కొన్నాళ్ళు నడుస్తుంది, ఎందుకంటే మనిషి తెలివిలోనే ఉంటాడు, రేపో ఎల్లుండో కూర్చోబెట్టి చెప్పుకోవచ్చు. గ్లయోబ్లాస్టోమా లాంటి బ్రెయిన్ కేన్సర్లో ఆ ఎల్లుండి వచ్చేసరికి విని అర్థం చేసుకునే మనిషి ఉంటాడో లేదో చెప్పలేం, ప్రాణం ఉండగానే అంటున్నా.

కొంచెం లెక్క చూద్దాం. గ్లయోబ్లాస్టోమాకి గ్రేడ్ 4 అని పేరు, అంటే అన్నిటికంటే పైమెట్టు. ఆపరేషన్, తర్వాత దాదాపు ఆరు వారాల రేడియేషన్, దాంతోపాటు టెమోజోలమైడ్ అనే కీమో మాత్రలు, 2005లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్ నుంచీ వైద్యం ఈ దారిలోనే నడుస్తోంది. ఆ ట్రయల్లో ఒట్టి రేడియేషన్ తీసుకున్నవాళ్ళలో సగం మంది 12.1 నెలలు దాటలేదు, మాత్రలు కూడా వాడితే అది 14.6 నెలలయింది. ఏళ్ళు బతికినవాళ్ళూ ఉన్నారు, లేరని కాదు. కానీ ఆ నెలలన్నీ మాట్లాడుకోగలిగే నెలలు కావనే సంగతి ఇంట్లోవాళ్ళకి ఎవరూ విడమర్చి చెప్పరు.

గడ్డ మెదడు ముందు భాగంలో ఉంటే గుణమే మారిపోతుంది, ఎప్పుడూ గట్టిగా మాట్లాడనాయన బూతులు తిడతాడు, లేకపోతే దేనికీ ఉలకడు పలకడు. చాలామందికి మాటలు ఎడంవైపు మెదడులో ఉంటాయి కాబట్టి అక్కడ వస్తే పెళ్ళాం పేరు కూడా నోటికి రాదు. వాపు తగ్గడానికి ఇచ్చే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ వల్ల నిద్ర పట్టదు, షుగర్ పెరుగుతుంది, ముఖం ఉబ్బుతుంది, చిన్నదానికీ విసుగు. "ఇది జబ్బూ మాత్రలూ చేసే పనమ్మా, ఆయన నిన్ను అంటున్న మాటలు కావు" అని ఓపీలో ఒక్కరు రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్తే ఆవిడ ఎన్ని రాత్రులు ఏడవకుండా ఉండేదో కదా.

వైజాగ్‌లో వైద్యం లేదని ఎవరూ అనలేరు. అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా కేన్సర్ హాస్పిటల్ ఉంది, గవర్నమెంటు హాస్పిటల్ కేజీహెచ్ ఉంది, శ్రీకాకుళం, విజయనగరం నుంచీ ఒరిస్సా బోర్డర్ నుంచీ కూడా జనం ఇక్కడికే వస్తారు, ప్రతిదానికీ హైదరాబాదో వెల్లూరో పరిగెత్తాల్సిన రోజులు కావివి. అసలు చిక్కంతా రేడియేషన్ అయిపోయి ఇంటికొచ్చాక. ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలి, మింగలేకపోతే మాత్ర ఎలా వెయ్యాలి, మంచం మీద పక్కకి తిప్పడం ఎలా, ఇవన్నీ మర్రిపాలెంలోనో మధురవాడలోనో ఒక అపార్ట్‌మెంట్లో భార్యో భర్తో ఒంటిచేత్తో నేర్చుకోవాలి. పాలియేటివ్ కేర్, అంటే నొప్పీ బాధా తగ్గించి మనిషినీ ఇంట్లోవాళ్ళనీ చూసుకునే వైద్యం, "ఇంక చేసేదేం లేదు" అన్నాక వెళ్ళేదని మనవాళ్ళ నమ్మకం, నిజానికి ఇలాంటి జబ్బులో అది మొదటి స్కాన్ రోజు నుంచే ఉండాల్సింది. కేరళ 2008లోనే దీనికి పాలసీ పెట్టుకుంది, అక్కడ పంచాయతీ నర్సు ఇంటికొచ్చి చూసి వెళ్తుంది. మన దగ్గర ఆ నర్సు లేదు, ఉన్నది మరదలో వదినో, వాళ్ళకీ సెలవులు అయిపోతాయి.

మళ్ళీ దాచిపెట్టడం దగ్గరకొద్దాం, ఎందుకంటే దాని బిల్లు కట్టేది బతికున్న మనిషే. గాజువాకలో నాకు తెలిసిన ఒకావిడ చెప్పింది, ఆయన చెయ్యి వణికి బ్యాంకులో సంతకం కలవక డబ్బు తియ్యలేకపోయారట, అప్పటికి ఏది ఎక్కడుందో అడిగితే చెప్పే స్థితి కూడా దాటిపోయింది. జీపీఏ, అంటే తన తరఫున పనులు చూసుకొమ్మని రాసిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, రాయించేస్తే చాలు అనుకుంటారు చాలామంది. మన చట్టంలో రాసిచ్చిన మనిషికి మతి తప్పితే ఆ పవర్ ఆఫ్ అటార్నీ కూడా ఆగిపోతుంది, 1872 నాటి కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 201 చెప్పేది అదే. కాబట్టి జాయింట్ అకౌంట్, నామినీ, వీలునామా, ఏదైనా మొదటి నెలల్లోనే అవ్వాలి. వెంటిలేటర్ వద్దనుకుంటే ముందే రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, 2023లో నోటరీ దగ్గర చేసుకునేలా సులువు కూడా చేసింది. అయితే జబ్బు పేరే చెప్పని మనిషి చేత ఇవన్నీ ఏమని సంతకం పెట్టిస్తాం? అన్నీ ఒకేసారి మీద కుమ్మరించమని నేననడంలేదు, "నీకు ఎంతవరకు తెలుసుకోవాలనుంది" అని అడిగితే చాలామంది వాళ్ళే మొదలుపెడతారు.

దుఃఖం సంగతీ అంతే, అది మనిషి పోయిన రోజున మొదలయ్యేది కాదు. ఆయన తన పెళ్ళాం పేరు మర్చిపోయిన రోజే ఆవిడ సగం ఏడ్చేసి ఉంటుంది, అందుకే చివర్లో "హమ్మయ్య" అనిపించిందని చెప్పడానికి సిగ్గుపడతారు. సిగ్గెందుకు. చుట్టాలేమో పదకొండో రోజు భోజనాలు అయ్యాక బండెక్కేస్తారు, ఆపైన ఫోన్లో "ధైర్యంగా ఉండమ్మా" ఒకటి. దుఃఖానికి ఐదు మెట్లని వాట్సాప్‌లో తిరుగుతుంది చూడండి, 1969లో కూబ్లర్ రాస్ అనే సైకియాట్రిస్ట్ దాన్ని రాసింది చావుకి దగ్గరపడ్డ పేషెంట్లని చూసి, వెనక మిగిలినవాళ్ళని చూసి కాదు. నాకైతే 1999లో స్ట్రోబ్, షుట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పినదే నిజానికి దగ్గరగా ఉంటుంది, మనిషి ఒక పూట ఏడుస్తాడు, ఒక పూట కరెంటు బిల్లు కట్టి పిల్లాడి ఫీజు గురించి ఆలోచిస్తాడు, ఈ అటూ ఇటూ ఊగడమే కోలుకోవడం. ఆర్కే బీచ్‌లో నవ్వుతూ కనిపించిందని ఆవిడ గురించి చెవులు కొరుక్కునేవాళ్ళకి ఇది కాస్త వినిపిస్తే బాగుండు.

ఇంకోటి, ఆవిడ ఆవిడ అంటూనే వస్తున్నా, జబ్బు ఆవిడకే వస్తే? 2009లో అమెరికాలో వచ్చిన ఒక స్టడీలో, బ్రెయిన్ ట్యూమర్లతో కలిపి పెద్ద జబ్బులున్న వాళ్ళని చూస్తే, పేషెంట్ ఆడమనిషైతే 20.8 శాతం జంటలు విడిపోయాయి, మగవాడైతే 2.9 శాతమే. మన దగ్గర విడాకులదాకా వెళ్ళరు, "పుట్టింటివాళ్ళు బాగా చూసుకుంటారు" అని బస్సెక్కిస్తారు.

మనిషి పోయి ఏడాది దాటినా దుఃఖంతో లేచి పనిచేసుకోలేకపోతే దాన్ని ఇప్పుడు జబ్బుగానే చూస్తున్నారు, వైద్యమూ ఉంది, చినవాల్తేరులో మెంటల్ హాస్పిటల్ ఉందిగా, ఆ పేరు చూసి భయపడక్కర్లేదు. అంతదాకా వెళ్ళలేకపోతే మనసు బాగోలేనివాళ్ళకి గవర్నమెంటు పెట్టిన ఫోన్ లైన్ టెలి మానస్ 14416, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, ఇరవైనాలుగ్గంటలూ. మనిషి పోయాకే చెయ్యాలని రూలేం లేదు, ట్రీట్‌మెంట్ నడుస్తుండగా పక్కన ఆయన నిద్రపోయి మనకి పట్టని రాత్రి రెండింటికైనా చెయ్యొచ్చు.