గడప దాకా వచ్చిన ప్రభుత్వం దూలం వైపు చూడదా?

ప్రతి నెలా ఒకటో తేదీన అనంతపురం జిల్లా పల్లెల్లో గ్రామ సచివాలయ ఉద్యోగి అవ్వాతాతల ఇంటికి వచ్చి, 4,000 రూపాయల పింఛను చేతికిచ్చి వెళ్తున్నాడు. కేంద్రం వాటా 60 నుంచి 79 ఏళ్ల వారికి 200 రూపాయల దగ్గర, 80 దాటిన వారికి 500 దగ్గర ఆగిపోయిన చోట రాష్ట్రం ఇంత ఇవ్వడం మెచ్చదగినదే. కానీ గడప దగ్గర నిలబడిన ఆ ఉద్యోగి తలెత్తి, లోపలి దూలానికి చెద పట్టిందా, మిద్దె కురుస్తోందా అని చూడడు. అది అతని పని అని ఎవరూ చెప్పలేదు. వృద్ధుల గృహవసతి గురించి మన ఆలోచనలో ఉన్న అసలు లోపం ఇదే.

రాయలసీమ మట్టి మిద్దె ఏటేటా మనిషి రెక్కల కష్టం అడిగే ఇల్లు. దూలాల మీద దంతెలు అనే అడ్డకట్టెలు, వాటి మీద బండలో కట్టెలో పరిచి, పైన మన్ను కప్పుతారు. తొలకరికి ముందు ఏటా చౌడు మన్ను తెచ్చి పోసి, తొక్కి, గవాచి (వెలుతురు కోసం మిద్దెకు వదిలిన కంత) చుట్టూ కట్ట గట్టి, నీరు నిలవకుండా వాలు సరిచేయాలి. ఇంట్లో కొడుకులుంటే అదేమంత పెద్ద పని కాదు. కొడుకూ కోడలూ బెంగళూరుకు కట్టడం పనులకు వెళ్లిపోయాక డెబ్బై ఏళ్ల అవ్వ నిచ్చెన ఎక్కి చౌడు పోయగలదా? ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో కూడా మూడు రోజుల ముసురు పట్టిందంటే నానిన మన్ను బరువుకు పాత దూలం విరుగుతుంది. మిద్దె కూలి వృద్ధులు మరణించారన్న వార్త మన జిల్లా పేజీలకు కొత్త కాదు. ఆ మరణాలను వాన ఖాతాలో రాసి చేతులు దులుపుకోవడం అన్యాయం.

పథకాల ఊహంతా కొత్త ఇంటి చుట్టూ తిరుగుతోంది. 2020 డిసెంబరులో ఇంటి స్థలం పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు అన్నారు. ఇప్పుడు మూడు సెంట్లు, రెండు సెంట్లు అంటున్నారు. ఎన్ని సెంట్లన్న వాదులాటలో, ఊరి చివర లేఅవుటులో ఒంటరి ముసలామె ఎలా బతుకుతుందన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. పొద్దున తలుపు తీయకపోతే వచ్చి పిలిచే ఎదురింటి మనిషి కూడా ఆమె ఇంట్లో భాగమే. ఆ మనిషిని ఏ పట్టాలోనూ రాసివ్వలేరు. పట్టణాల్లో ప్రభుత్వ సంస్థ టిడ్కో పేదలకు కట్టిన ఇళ్లు నేల అంతస్తు మీద మరో మూడు అంతస్తుల బ్లాకులు. మోకాళ్లు సహకరించని తాతకు పై అంతస్తు దక్కితే బజారుకు దిగడమే ఒక ప్రయాణమవుతుంది.

కూలబోయే మిద్దెకు డబ్బు పెట్టడం దండగనీ, పక్కా ఇల్లో వృద్ధాశ్రమమో ఇవ్వాలనీ వాదించేవారున్నారు. పక్కా ఇంటి బిల్లులు పునాది, శ్లాబు అంటూ దశలవారీగా, పని జరిగాకే వస్తాయి. ముందుగా అప్పు చేసి, మేస్త్రీ వెంట తిరిగే శక్తి ఒంటరి అవ్వకు ఎక్కడిది? ఇక 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మందికి చోటు అంటుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా 63 మండలాలది; ఇప్పుడది రెండు జిల్లాలైనా అన్ని మండలాల వృద్ధులకు ఆ చోటు ఏ మూలకు? నిరాధారులకు ఆశ్రమం కావలసిందే, కానీ సొంత వీధిలో బతకగలిగిన వారిని అక్కడికి తరలించడం పరిష్కారం కాదు.

అదే చట్టంలోని 23వ సెక్షన్, పోషిస్తారన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక పిల్లలు వదిలేస్తే ఆ దస్తావేజును రద్దు చేయించుకునే హక్కు ఇచ్చింది. దాన్ని ఉదారంగా అన్వయించాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్ట్రేషన్ రోజే ఆ షరతును దస్తావేజులో రాయించమని పెద్దలకు చెప్పేవారుంటే సగం గొడవలు పుట్టవు.

అయితే పిల్లలందరూ దుర్మార్గులై ఊరు వదలలేదు. బోరు ఎండి, వేరుశనగ పంట పోయి, అప్పు మిగిలి వెళ్లారు. కృష్ణా జలాలను సీమకు తెచ్చే హంద్రీనీవా కాలువ నీళ్లు చెరువులకు, చెరువుల నుంచి చేలకు చేరితే కొందరైనా తిరిగి వస్తారు. మిద్దె మీద చౌడు పోసే చేతులు వాళ్లవే. సీమలో వృద్ధుల ఇంటి సమస్య సాగునీటి సమస్యతో ముడిపడి ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

నీళ్లు వచ్చేదాకా అవ్వ ఆగలేదు. పింఛనుదారుల జాబితా ప్రభుత్వం దగ్గరే ఉంది, సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటూ ఉన్నాడు. దూలం మార్పించడం, మిద్దె మీద చౌడు పోయించడం, మరుగుదొడ్డి దాకా పట్టుకుని నడిచే కమ్మీ పెట్టించడం, వీటికి కొత్త ఇంటి ఖర్చులో చిన్న భాగం చాలు. ఉగాది నెల పింఛనుతో పాటే మిద్దెల పరిశీలన మొదలుపెడితే, మృగశిర కార్తెలోగా ఆ పనులు ముగించడానికి రెండు నెలలకు పైగా వ్యవధి ఉంటుంది.