నీళ్ళలో మునిగినోడూ లేడు, ముందు వరసలో కూర్చున్నోడూ లేడు

బ్రిటిష్ గాయకుడు, డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ పాట 'ఇన్ ది ఎయిర్ టునైట్' వెనకున్న అసలు కథ అంటూ ఆ పాత ఫార్వర్డ్ మళ్ళీ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. ఒకడు నీళ్ళలో మునిగిపోతుంటే ఇంకొకడు ఒడ్డున నిలబడి చూస్తూ ఊరుకున్నాడట, దూరం నుంచి ఫిల్ అంతా చూశాడట, తర్వాత డిటెక్టివ్‌ని పెట్టి వాణ్ణి పట్టుకుని, కాన్సర్ట్‌కి ముందు వరస టికెట్ పంపించి, మొహం మీద లైటు వేయించి ఈ పాట పాడితే వాడు ఇంటికెళ్ళి ప్రాణం తీసుకున్నాడట. పాట మధ్యలో ఒక్కసారిగా విరుచుకుపడే డ్రమ్స్ ఆ రోజు కోపంతో బాదినవేనట, పాటేమో ప్రపంచమంతా నంబర్ వన్ అట. సినిమా క్లైమాక్స్‌కి భలే పనికొస్తుంది, నిజం మాత్రం ఒక్క ముక్కా లేదు.

ముందు లిరిక్ చూడండి. నువ్వు మునిగిపోతున్నానని చెప్పినా నేను చెయ్యి అందించను అంటాడు. "చెప్పినా" అంటున్నాడు బాబూ. కోపమొస్తే మనం "చచ్చినా నీ గడప తొక్కను" అంటాం, అంటే ఎవరో చచ్చారనా? పైగా చెయ్యి అందించనంటున్నది పాడేవాడే, ఫార్వర్డ్ లెక్కన చూస్తే విలన్ ఫిల్ కాలిన్సే అవ్వాలి!

మరి ఆ కోపం ఎవరి మీద అంటే, సమాధానం చాలా మామూలుది, పెళ్ళి విడిపోయింది. జెనెసిస్ బ్యాండ్‌తో ఎప్పుడూ టూర్లే, 1979లో భార్యతో రాజీ కోసం వ్యాంకోవర్ దాకా వెళ్ళాడు, కుదరలేదు, ఇంగ్లండ్‌లో సర్రే జిల్లాలో ఇంటికొచ్చి ఒంటరిగా ఒక డ్రమ్ మెషీన్, ఒక సింథసైజర్, ఎనిమిది ట్రాకుల టేప్ రికార్డర్ పెట్టుకుని కూర్చున్నాడు. మాటలు చాలావరకు అప్పటికప్పుడు మైకు ముందు నోటికొచ్చినవే అని ఆయనే చెప్పాడు. ఆ ఇంటి టేపులే తర్వాత స్టూడియోకి తీసుకెళ్ళి 1981 'ఫేస్ వాల్యూ' ఆల్బం చేశారు. మునిగిపోయిన కథ అబద్ధమని కూడా ఇంటర్వ్యూల్లో చెప్పీ చెప్పీ అలిసిపోయాడు పాపం.

"ఎమినెమ్ కూడా చెప్పాడుగా" అనేవాళ్ళకి: 2000లో వచ్చిన ఈ అమెరికన్ ర్యాపర్ 'స్టాన్' పాటలో ఆ మాట చెప్పేది మతి చెడిన ఒక ఫ్యాన్ పాత్ర, వాడు పాట పేరు కూడా తప్పే చెప్తాడు. సాక్ష్యానికి దొరికింది వాడా?

ఇక "ఆ రోజు కోపంతో బాదిన దెబ్బే ఆ డ్రమ్స్" అనే ముక్క. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే, ఎందుకంటే అసలు సంగతి దీనికన్నా వందరెట్లు బాగుంటుంది. జెనెసిస్‌లో ఒకప్పటి గాయకుడు పీటర్ గాబ్రియేల్ 1980లో తెచ్చిన మూడో ఆల్బంకి ఫిల్ డ్రమ్స్ వాయిస్తున్నాడు, లండన్ టౌన్‌హౌస్ స్టూడియో, ఇంజినీర్ హ్యూ పాడ్జమ్. లోపల వాయించేవాళ్ళు మాట్లాడితే కంట్రోల్ రూమ్‌లో వినపడ్డానికి గదిలో ఒక మైకు ఉంటుంది, గొణిగినా వినపడాలని దానికి గట్టి కంప్రెసర్ (పెద్ద, చిన్న శబ్దాల తేడా తగ్గించే పరికరం) పెట్టారు. అది ఆన్‌లో ఉండగా ఫిల్ డ్రమ్స్ కొట్టేసరికి గది మొత్తం గర్జించినట్టు వచ్చింది, దానికి నాయిస్ గేట్ (శబ్దం తగ్గగానే దారి మూసేసే పరికరం) తగిలిస్తే ఆ మోత సాగకుండా టక్కున తెగిపోయింది. ఆ కట్ అయిన గర్జనే 'గేటెడ్ రివర్బ్', తర్వాత పదేళ్ళు ఎవరి డ్రమ్స్ విన్నా అదే. మన పాటలో అది మూడు నిమిషాల నలభై సెకన్ల దగ్గర వస్తుంది, అప్పటిదాకా పాపం డ్రమ్ మెషీన్ టిక్కు టిక్కుమంటూ ఉంటుంది.

"ప్రపంచమంతా నంబర్ వన్" కూడా కాదు. బ్రిటన్‌లో రెండో స్థానం (పైన జాన్ లెనన్ 'ఉమన్' కూర్చుంది), అమెరికాలో 19. జర్మనీలో అయితే నిజంగానే నంబర్ వన్. పాట ఇన్నాళ్ళు బతికింది ఈ కట్టుకథ వల్ల అనుకుంటే పొరపాటే, 1984లో అమెరికన్ టీవీ సీరియల్ 'మయామి వైస్' మొదటి ఎపిసోడ్‌లో రాత్రి కారు సీను, 2007లో క్యాడ్‌బరీ యాడ్‌లో డ్రమ్స్ వాయించిన గొరిల్లా, 2020లో మొదటిసారి వింటూ ఆ డ్రమ్స్ దగ్గర ఉలిక్కిపడిన ఇద్దరు అమెరికన్ కుర్రాళ్ళ వీడియో, ఇవన్నీ పట్టుకున్నది ఆ ఒక్క దెబ్బనే.

అన్నట్టు ఆ పాటలో వయొలిన్ వాయించింది ఎల్. శంకర్, మన సంగీతాన్నీ జాజ్‌నీ కలిపిన శక్తి బ్యాండ్ శంకర్, మన వయొలిన్ విద్వాంసుడు ఎల్. సుబ్రహ్మణ్యం గారి తమ్ముడు. ఫార్వర్డ్‌లో ఈ ముక్క పెట్టుంటే నేనే నలుగురికి పంపేవాణ్ణి.