బటన్, బటన్, బటన్

బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. ఆదివారం పొద్దున పెసరట్లు వేసే పని నాది. మా ఆవిడకు చూపు లేదు. ఇంట్లోంచే అనువాదాలు చేస్తుంది. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంటే పనంతా కీబోర్డు మీదే నడుస్తుంది. మా బామ్మర్ది ఇక్కడే ఒక కంపెనీలో కంప్యూటర్ సెక్యూరిటీ చూస్తాడు. కిందటేడు అక్క ల్యాప్‌టాప్‌లో డబ్బులు కట్టి యాంటీవైరస్ వేయించింది వాడే. దాని గడువు ఈ వారంతో అయిపోతుంది. రెన్యూ చేద్దామని వాడు, తీసి పారేద్దామని ఈవిడ. నేను ఎవరి పక్షమో అడక్కండి, ఇద్దరితోనూ భోజనానికి కూర్చోవాలి.

అక్క: ఇంకో ఏడాది దీన్ని భరించడం నా వల్ల కాదురా. మొన్న క్లయింట్‌కి మెయిల్ టైప్ చేస్తుంటే మధ్యలో ఇదొచ్చి ఫోకస్ లాక్కుంది. తెలియక సగం వాక్యం దాంట్లో కొట్టి, ఎంటర్ నొక్కేశాను. దేనికి ఒప్పుకున్నానో ఏమో, సాయంత్రానికి బ్రౌజర్‌లో ఏదో కొత్త సెర్చ్ పేజీ వచ్చి కూర్చుంది.

తమ్ముడు: పాప్-అప్‌లు ఆపేయొచ్చు అక్కా. సెట్టింగ్స్‌లో ఉంటుంది.

అక్క: ఆ సెట్టింగ్స్‌లోకి నేను పోగలిగితే ఈ గొడవెందుకు? ట్యాబ్ కొడితే "బటన్". మళ్ళీ కొడితే "బటన్". ఏ బటనో ఎవరు చెప్పాలి?

తమ్ముడు: వాళ్లు బటన్ బొమ్మ గీసి వదిలేశారు, స్క్రీన్ రీడర్‌కి అందేలా పేరు పెట్టలేదు. అది తప్పే. అంతమాత్రాన విండోస్‌తో ఊరికే వచ్చే యాంటీవైరస్, ఆ డిఫెండర్‌ని నమ్ముకుంటావా?

అక్క: నువ్వింకా విండోస్ 8 రోజుల్లోనే ఉన్నావు. అప్పుడు డిఫెండర్ పనికిరాదన్నారు, నిజమే. ఇప్పుడు జర్మనీలో యాంటీవైరస్‌లను పరీక్షించే ఏవీ-టెస్ట్ వాళ్ల దగ్గర అది చాలాసార్లు పూర్తి మార్కులు తెచ్చుకుంది. నీకు తెలియనిది కాదు.

తమ్ముడు: మార్కుల సంగతి కాదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బులు గుంజే ర్యాన్సమ్‌వేర్ వస్తే నీ పదేళ్ల అనువాదాలన్నీ తాళం పడతాయి. ఫోల్డర్లను కాపాడే ఏర్పాటు డిఫెండర్‌లో ఉంది, కానీ మనం ఆన్ చేస్తే తప్ప పని చేయదు. చేశావా?

అక్క: నీ యాంటీవైరస్ దిగగానే డిఫెండర్ పక్కకు తప్పుకుంది కదరా! ఇంకేం ఆన్ చేయను? అది పోనీ. కరెంటు బిల్లు కడదామని బ్యాంకు సైట్ తెరిస్తే, దీని సురక్షిత బ్రౌజర్ వచ్చింది. అంతే, ఎన్‌వీడీఏ నోరు పడిపోయింది.

తమ్ముడు: దానికి కారణం ఉందక్కా. స్క్రీన్ రీడర్ ఏం చేస్తుంది? నువ్వు నొక్కే ప్రతి కీనీ కనిపెడుతుంది, వేరే ప్రోగ్రాముల్లోకి దూరి అక్కడేముందో చదువుతుంది. పాస్‌వర్డ్ దొంగిలించే కీలాగర్ చేసేదీ అదే. కాపలావాడికి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

అక్క: అనుమానం వస్తే అడగాలి. అడిగేది కూడా నాకు వినపడేలా అడగాలి.

తమ్ముడు: నువ్వు వింటావా? నిరుడు, ఇది వేయకముందు, ఏదో ఫాంట్ దించుకుంటే డిఫెండరే వద్దంది. "పనికి అడ్డం" అని ఆ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తాన్ని స్కాన్ చేయొద్దని మినహాయింపు పెట్టింది ఎవరు?

(ఇక్కడ మా ఆవిడ కాసేపు అట్టు మీద దృష్టి పెట్టింది. ఆ మినహాయింపు సంగతి నాకూ అప్పుడే తెలిసింది.)

అక్క: సరే, అది నా తప్పే. కానీ చూడు, ఆ మినహాయింపు నేను ఒక్కదాన్నే పెట్టగలిగాను. తీసేయడం కూడా ఒక్కదాన్నే చేయగలను. నీ దాంట్లో ఒక్క స్కాన్ చేయాలన్నా మీ బావని పిలవాలి.

తమ్ముడు: మరీ చెబుతావు. ఒక్క స్కానే కదా!

అక్క: అయితే నువ్వే చెయ్యి.

ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, ఎస్కేప్ కలిపి నొక్కింది. దాన్ని స్క్రీన్ కర్టెన్ అంటారు, తెర మొత్తం నల్లబడుతుంది. వాడు మౌస్ వైపు చెయ్యి చాపితే వేళ్ల మీద ఒక్కటిచ్చింది. ముందు డిఫెండర్ కిటికీ తెరవమంది. స్టార్ట్ నొక్కి విండోస్ సెక్యూరిటీ అని టైప్ చేశాడు. కాస్త తడబడ్డాడు కానీ, ట్యాబ్ కొట్టుకుంటూ వెళ్తే ఒక్కో పేరూ వినపడింది. డిఫెండర్ ఆఫ్‌లో ఉందనీ, వేరే యాంటీవైరస్ పని చేస్తోందనీ కూడా చదివింది. తర్వాత వాడు వేయించినది తెరిచాడు. బటన్. బటన్. గ్రాఫిక్. బటన్. నాలుగోసారి ఎంటర్ కొడితే ఏదో తెరుచుకుంది. ఏమిటో ఇద్దరికీ తెలియలేదు.

తమ్ముడు: ఇంకొకటి వేద్దాం అక్కా. ట్రయల్ వేసి, ఇలాగే కర్టెన్ దించి పరీక్షిస్తాను. స్కాన్, అనుమానంతో విడిగా బంధించిన ఫైల్‌ని ఆ క్వారంటైన్‌లోంచి వెనక్కి తేవడం, అప్‌డేట్. మూడూ నేను చేయగలిగితేనే కొందాం.

అక్క: వచ్చే ఏడాది ఆ కిటికీ రూపం మార్చేస్తే? మళ్ళీ కర్టెన్ దించడానికి వస్తావా?

తమ్ముడు: డిఫెండర్ మారదా ఏంటి? అసలు నీది విండోస్ 10. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఆ కన్నం ఏ యాంటీవైరసూ పూడ్చదు.

అక్క: అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకున్నాలే. ల్యాప్‌టాప్ మార్చాలి, ఒప్పుకుంటాను. కానీ ముందు ఇది పోవాలి. నువ్వే వేశావు, నువ్వే తియ్యి. కర్టెన్ అలాగే ఉంచి.

వాడు కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ కొట్టాడు. అనుమతి అడిగింది, ఎన్‌వీడీఏ చక్కగా చదివింది, ఎస్ అన్నాడు. ఆ తర్వాత ఇంకో కిటికీ వచ్చింది.

బటన్. బటన్.

అక్క: కొట్టు.

తమ్ముడు: ఉండక్కా, ఏది ఏదో తెలియకుండా…

అక్క: ఎంటర్ కొట్టరా.

కొట్టాడు. కర్టెన్ తీసి నేనే తెర వంక చూశాను. సగం ధరకు ఇంకో ఏడాది రెన్యూ చేసుకోమని, కార్డు నంబర్ అడుగుతోంది.