సర్జన్‌ను తీసుకుని నట్టును వదిలేసిన కల్పన

మిర్చి మరపట్టించి కారం తెచ్చుకునే గుంటూరు ఇళ్లలో అందరికీ తెలిసిన చిన్న సంగతి ఒకటుంది. డబ్బాను వంచితే బరక పలుకులు గలగలా జారిపోతాయి గాని, మెత్తటి పొడి గోడలను పట్టుకుని తట్టినా రాలదు. రేణువు పొడవు, వెడల్పు, ఎత్తు పదో వంతుకు తగ్గితే దాని బరువు వెయ్యి రెట్లు తగ్గుతుంది, ఉపరితలం మాత్రం వంద రెట్లే తగ్గుతుంది. కాబట్టి చిన్నదయ్యేకొద్దీ భూమి లాగే బలం మీద అంటుకునే గుణానిదే పైచేయి అవుతుంది. నానో టెక్నాలజీకీ సైన్స్ ఫిక్షన్‌కూ ఉన్న సంబంధం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా నాకు ఈ కారం డబ్బా గుర్తుకొస్తుంది, ఎందుకంటే ఆ కల్పనలో చాలా భాగం ఈ ఒక్క సంగతిని పక్కనపెట్టి సాగింది.

సూక్ష్మరూపం అనగానే మన మనసులో మెదిలేది బొటనవేలంత రూపంతో సురస నోట్లోకి దూరి వచ్చిన హనుమంతుడు. ఆకారం అదే, కొలత మాత్రం మారింది. అది మహిమ కనుక అణిమాసిద్ధికి ఆ ఊహ చాలు. కానీ మీటరులో వంద కోట్లవ వంతైన నానోమీటరును కొలమానంగా పెట్టుకున్న నానో టెక్నాలజీ గురించి రాసిన కథలు కూడా అదే పద్ధతిలో మన జలాంతర్గామినీ మన రోబోనూ కుదించి రక్తనాళంలోకి వదిలాయి. ఆ కథలు హద్దు మీరాయని అనేవారున్నారు. వాటి ఊహ చాలలేదని నా అభిప్రాయం.

ఆకారాన్ని అలాగే కుదించే దారీ, చిన్నదయ్యేకొద్దీ మారే గుణాన్ని పట్టించుకునే దారీ నిజానికి ఒకే ప్రసంగంలో ఉన్నాయి. 1959 డిసెంబరు 29న కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మాట్లాడుతూ భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్, గుండెలోకి వెళ్లి చెడిన కవాటాన్ని చిన్న కత్తితో కోసి తీసేసే ‘మింగగల సర్జన్’ గురించి తన మిత్రుడి ఊహగా చెప్పారు. అంత చిన్న యంత్రంలో బోల్టు నుంచి నట్టును విప్పినా అది కింద పడదని, భాగాలు ఒకదానికొకటి అతుక్కుంటాయని కూడా ఆ రోజే చెప్పారు. కథకులు సర్జన్‌ను తీసుకున్నారు, నట్టును వదిలేశారు.

1986లో అమెరికన్ ఇంజనీరు ఎరిక్ డ్రెక్స్‌లర్ తన పుస్తకంలో పరమాణువులను పేర్చే యంత్రాలను వర్ణించి, తమను తామే తయారు చేసుకునే యంత్రాలు అదుపు తప్పితే జీవలోకమంతా బూడిదరంగు ముద్దవుతుందన్న ప్రమాదాన్నీ ప్రస్తావించారు. ఎందరి భయాలకో ఆ ముద్దే ముడిసరుకయింది. కార్బన్ 60 అణువును కనుగొన్నందుకు 1996లో నోబెల్ పంచుకున్న రిచర్డ్ స్మాలీ దీనితో విభేదించారు. పరమాణువులను పట్టే వేళ్లు కూడా పరమాణువులతోనే తయారవ్వాలి గనుక అవి లావుగానూ జిగురుగానూ ఉంటాయని, అటువంటి యంత్రం కుదరదని ఆయన వాదన. అదే చివరి మాట అని నేననను గాని, ఆయన చెప్పిన జిగురు మన కారం డబ్బాలో కనిపిస్తూనే ఉంది.

కల్పన వదిలేసిన ఆ లోకం మన ఒంట్లోనే ఉంది. కణంలో కైనెసిన్ అనే ప్రోటీను, నీటి అణువులు అన్ని వైపుల నుంచీ ఎడతెగకుండా ఢీకొడుతుంటే ఆ కుదుపులనే వాడుకుంటూ, 8 నానోమీటర్ల అంగలు వేస్తూ మూటలు మోస్తుంది. ఆగని తుఫానులో బరువు మోసే ఆ కూలీ కథను తెలుగులో ఎవరైనా రాస్తే చదవాలని నాకు ఎంతో ఆశ.

కథ సరిగా లేకపోతే నష్టం పాఠకుడితో ఆగదు. ‘నానో’ అన్న మాటకు కథలు అంటించిన మహిమ ఎరువుల కొట్టు దాకా వచ్చింది. ఆకుల మీద పిచికారీ చేసే ద్రవ ఎరువుగా 2021లో వచ్చిన నానో యూరియా 500 మిల్లీలీటర్ల సీసా 45 కిలోల మామూలు యూరియా బస్తాకు సాటి అని ప్రచారం జరిగింది. బస్తాలో 46 శాతం నత్రజని, అంటే 20 కిలోల పైచిలుకు. 4 శాతం ఉన్న ఆ సీసాలో 20 గ్రాములు. బస్తా యూరియాలో సగానికి పైగా వృథా అవుతుందనుకున్నా, పిచికారీ చేసినదాంట్లో చుక్క కూడా పోదనుకున్నా, లెక్క వందల రెట్ల దూరంలో ఆగిపోతుంది. రేణువును ఎంత చిన్నది చేసినా అందులోని నత్రజని పెరగదు కదా. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్లు పొలంలో పరీక్షించి వరిలోనూ గోధుమలోనూ దిగుబడి తగ్గిందని చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆ నత్రజని శాతం సీసా మీదే చిన్న అక్షరాల్లో అచ్చయి ఉంటుంది. డబ్బు చెల్లించే ముందు దాన్ని చదివి, బస్తా లెక్క పక్కన పెట్టి చూడమని మా మిర్చి రైతులను కోరుతున్నాను.