ఏఎంహెచ్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ యాంటీ ముల్లేరియన్ హార్మోన్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. పోయిన ఏడాది మా చెల్లెలి రక్తపరీక్ష కాగితంలో 0.9 అన్న అంకెగా, లావాటి అచ్చులో, పక్కన కిందికి చూసే బాణం గుర్తుతో తమరు మా ఇంటికి వేంచేశారు. ఇరవై తొమ్మిదేళ్ల అవివాహిత అయిన ఆ పిల్ల చేయించుకున్నది మామూలు ఫుల్ బాడీ చెకప్. అందులో తమరు కొసరుగా వచ్చారు. తమరు తక్కువైతే అండాల నిల్వ తరిగినట్టే అని లోకం లెక్క. ఆనాటి నుంచి మా అమ్మ దేవుడి గదిలోంచి బయటికి రావడం మానేసింది గనుక, తమరి అసలు ఉద్యోగమేమిటో చదివి తెలుసుకుని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందు తమరి పేరు సంగతి. ఆడవారి భవిష్యత్తు చెప్పే పెద్దమనిషిగా చెలామణి అవుతున్న తమరు ఆ పేరు తెచ్చుకున్నది మగపిండంలో. గర్భాశయంగా, ఫాలోపియన్ నాళాలుగా ఎదగవలసిన ముల్లేరియన్ నాళాలను అక్కడ రూపుమాపడమే తమరి పని. అలాంటి పదార్థమొకటి ఉండి తీరాలని ఆల్‌ఫ్రెడ్ జోస్ట్ 1947లో కుందేలు పిండాల మీద ప్రయోగాలు చేసి వాదించాడు. గర్భాశయాన్ని ఆదిలోనే లేకుండా చేసే వారిని పట్టుకుని గర్భం గురించి జోస్యమడగడం మా తెలివి. అందులో తమరి తప్పేమీ లేదు.

అండాశయంలో తమరిది గుమ్మం దగ్గర జవాను కొలువు. ఆడపిల్ల పుట్టేనాటికి ఒక్కో అండాన్ని పొదువుకున్న పుటికలు (ఫాలికిల్స్) పది నుంచి ఇరవై లక్షలు నిద్రలో ఉంటాయి. జీవితం మొత్తం మీద అండం విడుదల చేసేదాకా వచ్చేవి నాలుగైదు వందలు. ఎదుగుతున్న చిన్న పుటికల్లో అండం చుట్టూ ఉండే గ్రాన్యులోసా అనే కణాలు తమరిని తయారుచేసి, అందరూ ఒక్కసారే ఎగబడవద్దని నిద్రలో ఉన్నవాటికి తమరి చేత కబురు చెప్పిస్తాయి. తమరు లేకుండా పుట్టించిన ఎలుకల్లో ఆ నిల్వ తొందరగా ఖర్చైపోయిందని 1999లో తేలింది. పొదుపు తెలిసినవారు, కాదనను.

కానీ సంసారం నడిపేది తమరి దాయాదులు. అండమే జీడీఎఫ్ 9, బీఎంపీ 15 అనే వృద్ధి కారకాలను వెలువరించి, చుట్టూ ఉన్న గ్రాన్యులోసా కణాల చేత చాకిరీ చేయించుకుంటుంది. ఈ బీఎంపీ 15 ఎంత పట్టింపు గల మనిషంటే, న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌డేల్ గొర్రెల్లో దాని జన్యువు ఒక ప్రతిలో మారితే అండాలు ఎక్కువగా విడుదలై కవలలు పుడతాయి, రెండు ప్రతుల్లోనూ మారితే గొర్రె గొడ్డుదవుతుంది. ఇక ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనేవి మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్లు. పుటిక పైపొరలోని థీకా కణాలు ఎల్‌హెచ్ ఆజ్ఞపై ఆండ్రోజన్ అనే మగ హార్మోన్ తయారుచేసి అందిస్తే, ఎఫ్‌ఎస్‌హెచ్ అజమాయిషీలో గ్రాన్యులోసా కణాలు దాన్ని ఈస్ట్రోజన్‌గా మారుస్తాయి. ఎఫ్‌ఎస్‌హెచ్ మాట కణాల చెవికి బాగా ఎక్కేలా చేసేది ఇన్సులిన్‌ను పోలిన ఐజీఎఫ్ అనే వృద్ధి కారకం. ముందంజ వేసిన పుటిక, ఐజీఎఫ్‌ను కట్టిపడేసే ప్రోటీన్లను తెగగొట్టి దాన్ని తనకోసం విడిపించుకుంటుంది. ఈస్ట్రోజన్, ఇన్‌హిబిన్ అనే హార్మోన్లను దండిగా పంపి పిట్యూటరీ చేత ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గింపజేస్తుంది. తోటివాటి నోటి దగ్గర కూడు లాగేసి తానొక్కతే పెరుగుతుంది.

ఇంత రసవత్తరమైన ఘట్టంలో తమరెక్కడ? పుటిక 8 మిల్లీమీటర్లు దాటేసరికే తమరి ఉత్పత్తి పడిపోతుంది. పీటల దాకా ఉండని పెళ్లిళ్ల పేరయ్య మాట నమ్మి మేము ముహూర్తాలు పెట్టుకుంటున్నాం. పుటికలెన్ని ఉన్నాయో తమరు చెప్పగలరు, ఐవీఎఫ్ మందుకు ఎన్ని అండాలు రావచ్చో చెప్పగలరు. ఆ విద్యకు నమస్కారం. ఆ అండాల నాణ్యత మాత్రం తమరికి తెలియదు. అమెరికాలో 30 నుంచి 44 ఏళ్ల మధ్య వయసుండి, సంతానలేమి చరిత్ర లేని 750 మంది స్త్రీలను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, తమరు తక్కువగా ఉన్నవారికి గర్భం దాల్చే అవకాశమేమీ తగ్గినట్టు కనబడలేదు. తమరు ఎక్కువైనా మాకు శాంతి లేదు లెండి. చిన్న పుటికలు గుంపుగా నిలిచిపోయే పీసీఓఎస్ అని ఇంకో భయం.

అసలు విషయం చివరికి తెలిసింది. పరీక్షనాటికి మా చెల్లెలు నెలసరి నొప్పికి గర్భనిరోధక మాత్రలు వాడుతోంది. అవి ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అణచితే తమరిని తయారుచేసే పుటికలే తగ్గుతాయని, అంకె కిందికి జారుతుందని చెప్పిన వారు లేరు. మాత్రల సంగతి అడిగిన వారూ లేరు. అంకె చూసిన వెంటనే అండాలు దాచుకునే ప్యాకేజీ కాగితం మాత్రం చేతిలో పెట్టారు, కింద వాయిదాల లెక్కతో సహా.

మాత్రలు ఆపిన మూడు నెలలకు తమరు 1.4గా దర్శనమిచ్చారు. అమ్మ దేవుడి గదిలోంచి బయటికి వచ్చింది. ప్యాకేజీ వారు ఇప్పటికీ ఫోన్ చేసి, తగ్గింపు ఈ నెలాఖరు వరకేనని చెబుతున్నారు. ఇది పదకొండో నెలాఖరు.

ఇట్లు,
తమరి అంకె చూసి మూడు రాత్రులు నిద్రపోని ఒక అక్క