సవరణ: ‘డన్స్’ మందబుద్ధి కాడు

పేర్లు తిట్లుగా మారడం గురించి గత వారం రాస్తూ, మొద్దువాణ్ణి ఇంగ్లీషులో ‘డన్స్’ అనడం ఆ పేరుగల ఒక తెలివితక్కువవాడి నుంచి వచ్చిందన్నాను. అది తప్పు. 1308లో కొలోన్‌లో మరణించిన జాన్ డన్స్ స్కోటస్ సూక్ష్మబుద్ధికి పేరుపడ్డ తత్త్వవేత్త; 16వ శతాబ్దంలో ఆయన అనుయాయులు కొత్త చదువులను ఎదిరించగా, ప్రత్యర్థులు వాళ్ల గురువు పేరునే తిట్టుగా మార్చారు. తగవులు పెట్టేవాణ్ణి నారదుడనే మనకు ఈ అన్యాయం తెలియనిది కాదు. చెన్నైలో చదువుకునే రోజుల్లో, టీ నగర్ బస్సులో వెనక సీటు నుంచి ‘తెలుగు’ను తిరగేసి ‘గుల్టీ’ అని పిలిస్తే తల దించుకున్న నేను, మరొకరి పేరు విషయంలో మరింత జాగ్రత్త పడవలసింది. ఆ వాక్యాన్ని తొలగించాను.